హారత్ గాయిబ్‌లో గిట్ట చప్పుడు

హారత్ గాయిబ్ పేరెత్తితే మా కొండల్లో కాఫీ పోస్తున్న చెయ్యి కూడా ఆగుతుంది.

కొండ అంచుకి పిచ్చుక గూళ్ళలా అతుక్కున్న పదిహేను రాతి ఇళ్ళు. కప్పులు కూలి ఎనభై ఏళ్ళయింది. కాలవ ఎండిపోతే జనం ఒక్క రాత్రిలో ఊరొదిలి పోయారని కొందరంటారు. పోలేదు, గాయబైపోయారని కొందరంటారు. ఎవరి మాట విన్నా అక్కడ మిగిలింది మాత్రం ఒక్కతే — గిట్టలమ్మ.

ఆవిడకి ఎడమకాలు మనిషి కాలు. కుడికాలు గాడిద గిట్ట. నడుస్తుంటే ఒక అడుగు వినపడదు. రెండో అడుగు... టక్. చీకటి పడ్డాక ఆ బాటన పోయేవాళ్ళ వెనక చేరి, చెప్పు పోయిందనీ వెతికిపెట్టమనీ అడుగుతుంది. వెనక్కి తిరగకూడదు. బదులు పలకకూడదు. అక్కడ ఎవరి పేరూ పైకి అనకూడదు. ఆవిడ విందంటే ఆ పేరు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది.

ఇదంతా నమ్మనివాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. పగలు.

మా బావ జహ్రాన్ కూడా పగలు నమ్మడు. మునిసిపాలిటీలో నీటి మీటర్లు చూసే ఉద్యోగం. పొట్ట తగ్గాలని ముప్పై ఏడో ఏట పరుగు మొదలెట్టాడు. పొట్ట తగ్గింది గానీ పరుగు పిచ్చి పట్టుకుంది. ఏటా చలికాలంలో మా దగ్గర డెబ్భై కిలోమీటర్ల కొండ పరుగు పందెం జరుగుతుంది. మధ్యాహ్నం కోట ముందు బయల్దేరి, పాత గాడిద బాటల మీద రాత్రంతా ఎక్కి దిగి, తెల్లారేసరికి మళ్ళీ కోట ముందుకి రావాలి. దారిలో అయిదు శిబిరాలు. మూడోది దాటాక హారత్ గాయిబ్. అది దాటి, శిఖరం ఎక్కి దిగితే నాలుగో శిబిరం. అక్కడ నా చెల్లెలు రయ్యా — జహ్రాన్ పెళ్ళాం — ఏటా పరుగువాళ్ళకి వేడి శోర్బా జావ పోస్తుంది.

మూడేళ్ళు వరసగా జహ్రాన్ మూడో శిబిరం దాకా లేడిలా వచ్చాడు. మూడేళ్ళూ అక్కడే చతికిలబడ్డాడు. పరుగు మానేసినవాళ్ళని కిందికి దించే జీపు నాది. మొదటి ఏడు కుడి మోకాలన్నాడు. రెండో ఏడు ఎడమ మోకాలు. మూడో ఏడు ఏ మోకాలు బావా అని అడిగితే కాసేపు ఆలోచించాడు.

రయ్యా ఏమీ అనేది కాదు. మొగుడి కోసం విడిగా మూతపెట్టి ఉంచిన గిన్నెని పొద్దున్నే మేకలకి పోసేసేది. నాలుగో ఏడు, పందెం ముందు రోజు భోజనాల దగ్గర మాత్రం ఒక మాట అంది.

"మూడేళ్ళు నీ శోర్బా మేకలు తాగాయి. ఇప్పుడు వాటికి కూడా మొహం మొత్తింది."

అంతే. జహ్రాన్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయిందట.

ఆ ఏడు మూడో శిబిరానికి వేరే జీపుని పంపమనీ, నేను నాలుగోదాని దగ్గర ఉంటాననీ పందెం పెద్దల్ని అడిగి ఒప్పించుకున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. కాబట్టి కొండ మీద జరిగింది నేను చూడలేదు. జహ్రాన్ నోట విన్నదే.

రాత్రి ఎనిమిదిన్నరకి మూడో శిబిరం చేరాడు. నాలుగు ఖర్జూరాలు తిన్నాడు. నీళ్ళు తాగాడు. జీపు వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. లోపల రగ్గు మడతపెట్టి ఉంది. చూసి చూసి, నుదుటి దీపం వెలిగించుకుని కొండెక్కాడు.

ముందువాళ్ళు ఎప్పుడో పోయారు. వెనకవాళ్ళ దీపాలు లోయలో మిణుగురుల్లా ఉన్నాయి. నెలవంక దిగిపోయింది. తన దీపం వెలుగు ముందున్న నాలుగు రాళ్ళ మీదే పడుతోంది. ఆ నాలుగు రాళ్ళే లోకం.

మొదటి ఇల్లు వచ్చింది. తలుపు లేని వాకిలి. రెండో ఇల్లు... మూడో ఇల్లు...

అప్పుడు వాసన తగిలింది.

సాంబ్రాణి.

ఎనభై ఏళ్ళుగా పొయ్యి వెలగని ఊళ్ళో, ఇప్పుడే పొగ వేసినట్టు సాంబ్రాణి. అదీ అచ్చం తన ఇంటి వాసన. ప్రాణం పోయే ముందు ఇల్లు గుర్తొస్తుందంటారు, ఇదే కాబోలు అనుకున్నాడట. అడుగు జోరు పెంచాడు.

వెనకాల... టక్.

రాయి దొర్లి ఉంటుంది అనుకున్నాడు.

టక్.

మధ్యలో నిశ్శబ్దం — సరిగ్గా ఒక్క అడుగు పట్టేంత నిశ్శబ్దం. మళ్ళీ టక్.

"ఆగు, అబ్బాయ్..." బొంగురు గొంతు. సగం మాటలు గాలి ఎత్తుకుపోతోంది. "...చెప్పు... ఊడిపోయి..."

జహ్రాన్ ఆగలేదు. ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ అందుకున్నాడు. పలక పట్టకముందే నోటికొచ్చిన ఆయతు. ఆ రాత్రి మాత్రం సగంలో తడబడ్డాడు. ఒక మాట మింగేసి తర్వాతి మాటకి దూకాడు.

ఆ మింగేసిన మాటని వెనకనుంచి ఆ గొంతు అందించింది.

నిదానంగా. పిల్లలకి పాఠం చెప్పే పంతులమ్మలా.

ఆయతు వింటే దెయ్యాలు పారిపోతాయని మాలో అందరికీ తెలుసు. తప్పులు దిద్దే దెయ్యం సంగతి జహ్రాన్‌కి ఎవరూ చెప్పలేదు. ఇక అక్కణ్ణుంచి తన కాళ్ళు తనవి కావంటాడు. దీపం వెలుగు ఎక్కడ పడుతోందో, అడుగు ఎక్కడ పడుతోందో తెలీదు.

అంతలో వెనక ఇంకో జత అడుగులు కలిశాయి. ఇవి గిట్ట కాదు, మనిషి అడుగులే, కానీ మనిషి పరుగుని మించిన వేగం. గుడ్డ రెపరెపలు. ఎవరో ఎగరొప్పుతున్న చప్పుడు. ఒక రాయి చెవి పక్కనుంచి రివ్వున పోయింది...

శిఖరం ఎప్పుడు దాటాడో అతనికి ఇప్పటికీ తెలీదు.

నాలుగో శిబిరం దగ్గర శోర్బా గిన్నెతో నేనొక్కణ్ణే ఉన్నాను. దాటిపోయినవాళ్ళ వేళ నమోదు చేసే యంత్రం దాని పని అది చేసుకుంటోంది. పైనుంచి ఒక దీపం కిందికి రావడం చూశాను. దిగుతున్నట్టు లేదు, పడుతున్నట్టుంది. చూస్తుండగానే జహ్రాన్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి.

"రయ్యా ఏది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే బాట మీద రయ్యా కనబడింది. ఒంటి మీది నల్ల అబాయా ఎగురుతోంది. జుట్టు విడిపోయింది. రెండు చేతుల్లో రెండు రాళ్ళు. మొహంలో చుక్క నెత్తురు లేదు. జహ్రాన్ వైపు చెయ్యి చాచి "ఆగు..." అంది.

తెలిసినవాళ్ళ రూపం ఎత్తడం వాటికి అలవాటేనని జహ్రాన్‌కి వాళ్ళ నాయనమ్మ చెప్పి ఉంది. పెళ్ళాన్ని ఒక్కసారి తేరిపార చూశాడు. శోర్బా వైపు కూడా చూడకుండా అయిదో శిబిరం దారి పట్టి చీకట్లో కలిసిపోయాడు.

ఇక నా సంగతి ఒప్పుకోవాలి. సాయంత్రం రయ్యాని జీపులో శిఖరం దాకా తీసుకెళ్ళి దింపింది నేనే. అక్కణ్ణుంచి హారత్ గాయిబ్ పావుగంట నడక. ఆలోచన ఆమెది. వెనక్కి తిరిగే మేకని ముందుకి తోలాలంటే వెనకనుంచి అదిలించాలి అన్నయ్యా, అంది. కూలిన ఇంట్లో దాక్కుంటుంది. జహ్రాన్ దాటిపోగానే రెండు రాళ్ళు టక్కుమనిపిస్తుంది. ఇంక వెనక్కి ఎలా తిరుగుతాడు? అందుకే అతను అలా వచ్చేసరికి పథకం పారిందని నేను లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

రయ్యా నవ్వలేదు. జీపెక్కి తలుపేసుకుంది.

"అన్నయ్యా..." గుసగుసలాడింది. "నేను ఇంకా రాళ్ళు కొట్టనే లేదు."

పైనుంచి... టక్.

నేనూ జీపెక్కాను. అద్దాలెత్తాను. దాచడమెందుకు, కళ్ళు కూడా మూసుకున్నాను. టక్... టక్... జీపు పక్కదాకా వచ్చింది. ఆగింది. గిన్నె మూత తీసిన చప్పుడు. ఆ తర్వాత జుర్రుకుంటున్న చప్పుడు, చాలాసేపు. తర్వాత నీళ్ళ చప్పుడు. మళ్ళీ టక్, టక్ — దూరంగా, ఇంకా దూరంగా.

కళ్ళు తెరిచి చూస్తే జహ్రాన్ కోసం మూతపెట్టిన గిన్నె ఖాళీ. శుభ్రంగా కడిగి, రాతి మీద బోర్లించి ఉంది.

తెల్లారుతుండగా ఇద్దరం కోట దగ్గరికి చేరాం. జహ్రాన్ అప్పటికే గీత దాటేశాడు. కానీ మెడలో పతకం లేదు. ఒక కుర్చీలో కూర్చోబెట్టి పందెం పెద్దలు చుట్టూ నిలబడ్డారు. మూడో శిబిరం నుంచి నాలుగోదానికి, పందెం గెలిచిన కుర్రాడికి గంటా పది నిమిషాలు పట్టింది. జహ్రాన్‌కి యాభై ఎనిమిది నిమిషాలు. మూడేళ్ళు జీపులో కిందికి దిగిన మనిషి. పైగా జీపు బావమరిదిది. ఈసారీ జీపెక్కే వచ్చాడనడానికి ఇంకేం కావాలి?

గిట్టలమ్మ తరిమిందని చెప్పాడట. అయితే ఆవిడ చేత ఒక సంతకం పెట్టించుకు రమ్మన్నారట.

జహ్రాన్ మట్టికొట్టుకుపోయిన తన పాదాల కేసి చూసుకుంటున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పాదాలతోనే వచ్చాడు, నమ్మే దిక్కు లేదు.

రయ్యా ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తిన్నగా వాళ్ళ మధ్యకెళ్ళి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేసింది. జీపూ, కూలిన ఇల్లూ, రాళ్ళూ — ఏదీ దాచలేదు. కాఫీ కప్పులు పట్టుకుని అరవై మంది వింటున్నారు.

"నేనే ఇతన్ని నమ్మలేదు," అంది చివర్లో. "కానీ ఇతను నా ముందునుంచే పరిగెత్తాడు. తన కాళ్ళతో."

జహ్రాన్ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు.

పందెం పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. పెళ్ళాం సాక్ష్యం, బావమరిది సాక్ష్యం... రెండూ ఇంటివే కదా అన్నాడు. బయటివాళ్ళు ఎవరైనా చూశారా అని అడిగాడు.

టక్.

కోట మలుపు దగ్గర వినబడింది. కాఫీ కప్పులన్నీ గాల్లోనే ఆగాయి. టక్... జహ్రాన్ మెల్లగా లేచి పందెం పెద్దాయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. టక్...

మలుపు తిరిగి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఛాతీ మీద నూట పన్నెండో నంబరు. ఎడమకాలికి కొత్త బూటు. కుడికాలికి అడుగు ఊడిపోయిన బూటు, దాని కింద ఖర్జూరాల పెట్టె చెక్కముక్క, తలగుడ్డ పీలికతో కట్టి. పై కొండల్లో మేకలు కాసుకునే జువైనా. కొండవాళ్ళకి ప్రవేశం ఉచితమంటే మనవరాలు పేరు రాయించిందట. నుదుటి దీపం ఇచ్చారు గానీ తల నొప్పెడుతోందని జేబులో వేసుకుందట.

గీత దాటింది. నీళ్ళు తాగింది. చుట్టూ చూసింది. పెద్దాయన వెనక నక్కిన జహ్రాన్ మీద చూపు ఆగింది.

"ఒరే అబ్బాయ్, ఒంటినిండా అన్ని పట్టీలు కట్టుకున్నావే, ఒక్క తాడుముక్క ఇవ్వడానికి నీకేం రోగం?"

ఆవిడ చెప్పుకుపోయింది. చెప్పు ఊడిపోయింది తాడివ్వమని ఎంత పిలిచినా ఆగలేదట. చెవుడేమో అనుకుందట. తర్వాత చూస్తే భయపడి ఆయతు తప్పు చదువుతున్నాడు, పోనీ అని సాయం పట్టిందట. అంతలో కూలిన ఇంట్లోంచి నల్లగుడ్డల ఆడదయ్యం ఒకటి దూకి వీడి వెంటపడింది. అయ్యో, పిల్లాణ్ణి ఎత్తుకుపోతుందని తనూ చెక్కకాలితోనే దాన్ని తరిమిందట. మూడు రాళ్ళు విసిరిందట.

"ఒకటి తగిలింది," అంది తృప్తిగా.

రయ్యా భుజం తడుముకుంది.

పెద్దాయన యంత్రం తిప్పి చూశాడు. మూడు నుంచి నాలుగుకి జువైనాకి పట్టింది యాభై తొమ్మిది నిమిషాలు. మీరూ జీపెక్కారా అని అడగబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. రెండు పతకాలు తెప్పించి ఇద్దరి మెడల్లోనూ వేశాడు.

ముగ్గురం జీపులో ఇంటికి బయల్దేరాం. సగం దారిలో జహ్రాన్, అక్కడ ఎంతసేపు కూర్చున్నావని రయ్యాని అడిగాడు. మూడు గంటలు, అంది.

"దీపం?"

"పెడితే నీకు కనబడదూ?"

"భయం వేయలేదా?"

"వేసింది. రెండో గంటలో ఏడ్చాను కూడా. ధైర్యంగా ఉంటుందని కాస్త సాంబ్రాణి వేసుకున్నాను."

ఆమె భుజానికి రాయడానికి ఇంట్లో నూనె ఉందా లేదా అని అడిగాడు జహ్రాన్.

హారత్ గాయిబ్‌లో చీకట్లో, దీపం లేకుండా, మూడు గంటలు ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి సంగతి వారం తిరక్కుండా కొండలన్నీ పాకింది. ఇప్పుడు పొద్దుగూకాక ఆ దారిన పోవాల్సినవాళ్ళు ముందు నాకు ఫోన్ చేస్తారు. రయ్యా ఇంట్లోనే ఉందా అని కనుక్కుని మరీ బయల్దేరతారు.