నెమ్మదిగా తిరిగిన రికార్డు

"అదీ ఒక ఆల్బమేనా? పెళ్లిళ్లలో గెంతడానికి పెట్టుకునే గోల!" అన్నాడు ఐవిన్, వాఫల్ మీద జామ్ రాసుకుంటూ.

హాల్లో అందరూ నవ్వారు. గాయని తూరిద్ లీ పుట్టింది ఆ ఊళ్లోనే. ఏటా ఆకులు రాలే రోజుల్లో ఆమె అభిమానులు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫియోర్డ్ ఒడ్డున ఉన్న ఆ హాల్లో చేరి, కాఫీ తాగుతూ, ఆమె ఆల్బమ్‌లలో ఏది గొప్పదో వాదించుకుంటారు. 'ఉప్పునీటి ఏడాది'ది ఎప్పుడూ ఆఖరి స్థానమే.

ఆ సభలో ఎన్నడూ నోరు విప్పని రాగ్నీ ఆ రోజు విప్పింది.

"గోలా? అసలు విన్నావా నువ్వు? ఎవరినో సాగనంపి ఒంటరిగా ఇంటికి నడుస్తున్నట్టు పాడుతుంది. ఆ బరువైన గొంతు..."

"బరువైన గొంతా? అందులో పిట్టలా కూస్తుంది కదా!"

"పిట్టా? చెవులు ఎవరికైనా చూపించుకో."

"చెవులు బాగానే ఉన్నాయి మేడమ్. నీ రికార్డు మీదే నాకు అనుమానం."

కాఫీ పోస్తున్న బోర్గిల్ పెద్దమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రాగ్నీ, మీ ఇల్లు పక్కనే కదా! ఇద్దరూ వెళ్లి విని తేల్చుకోండి. మమ్మల్ని ప్రశాంతంగా తిననివ్వండి."

బయట వాన.

"రోజూ వాన పడే బెర్గెన్ వాడివి, గొడుగు లేదా?"

"గాలికి విరిగింది. నీ దాంట్లో చోటుందా?"

రాగ్నీ గొడుగు కాస్త అతని వైపు జరిపింది.

వంటింటి కిటికీ పక్కన తాతయ్య రికార్డు ప్లేయర్ అలాగే ఉంది. తాతయ్యే లేడు, మొన్న వసంతం నుంచి. చిన్నప్పుడు, అవ్వ చనిపోయిన ఏడాది చలికాలంలో రాగ్నీ ఈ బల్ల దగ్గరే హోమ్‌వర్క్ చేసుకునేది. తాతయ్య ఈ రికార్డే పెట్టి, ఊలు సాక్సులతో పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా, కాళ్లీడ్చుకుంటూ తిరిగేవాడు. మోకాలి నొప్పి అనుకునేది రాగ్నీ.

పాట మొదలైంది. బరువైన గొంతు, ఎక్కడా తొందర లేదు. ఐవిన్ నవ్వు ఆగిపోయింది. కాసేపటికి రికార్డు కవరు తిప్పి చూశాడు.

"రాగ్నీ... ఇది నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాల్సిన రికార్డు. నువ్వు ముప్పై మూడులో వింటున్నావు, అందుకే గొంతు బరువుగా ఉంది."

ఆమె ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లూ తను దాచుకున్న పాట ఒట్టి పొరపాటా?

"ఆ స్పీడు గుండీ చెడిపోయింది, ముట్టుకోవద్దు అనేవాడు తాతయ్య."

ఐవిన్ వేలితో తిప్పాడు. టిక్. ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది. వంటిల్లంతా గెంతులాటల సంగీతం, పైన పిట్ట గొంతు. ఇక నవ్వుతాడని ఎదురు చూసింది. అతను నవ్వలేదు.

"గుండీ బాగానే ఉంది," అన్నాడు మెల్లగా. "మీ అవ్వా తాతయ్యా దీనికి డాన్స్ చేసేవాళ్లా?"

"ఆ హాల్లోనే. శనివారాలు..."

అని ఆగిపోయింది. ఊలు సాక్సులు. పొయ్యి నుంచి కిటికీ దాకా. అది మోకాలి నొప్పి కాదు. తోడు లేకుండా ఆ వేగం అందుకోలేక, తాతయ్య పాటనే తనతో నడిచేలా చేసుకున్నాడు.

ఆమె కళ్లు తుడుచుకునేలోపు ఐవిన్ గుండీని వెనక్కి తిప్పేశాడు. గొంతు మళ్లీ బరువెక్కింది.

"మా ఇంట్లోనూ ఈ రికార్డుంది. కానీ ఈ పాట లేదు," అని చెయ్యి చాపాడు.

"నాకు డాన్స్ రాదు."

"ఈ స్పీడులో నాక్కూడా వస్తుంది."

ఒడ్డున, బెర్గెన్ వెళ్లే పడవ హారన్ మోగింది.

"నీ ఫెర్రీ!"

"రెండో వైపు వినకుండా తీర్పెలా చెప్పను? తర్వాతి ఫెర్రీకి పోతాలే. అదీ నువ్వు పొమ్మంటేనే."

రాగ్నీ పొమ్మనలేదు. బూట్లు విప్పి, ఊలు సాక్సులతో పొయ్యి దగ్గర నిలబడి అతని చెయ్యి అందుకుంది.

"కిటికీ దాకా," అంది. "నెమ్మదిగా."