సామాన్ల గది తలుపు

ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం మూడూ పది. ఇంటాయన ముందుగదిలో కునుకు తీస్తున్నాడు. ఏడేళ్ళ పిల్ల వరండాలో బొమ్మలు గీసుకుంటోంది. కోడలు కొంగు నడుముకి బిగించి, దేవుడికో దణ్ణం పెట్టుకుని, సామాన్ల గది తలుపు తీసింది.

వంటింటి వెనక కిటికీ లేని గది అది. పట్టపగలైనా దీపం వెయ్యాల్సిందే. పాత పిండి, ఎండు మిరపకాయలు, తుప్పు డబ్బాలు అన్నీ కలిసి ఊపిరాడని వాసన. పదకొండేళ్ళపాటు ఆ గది తాళంచెవి అత్తగారి నడుము దిగలేదు. డబ్బాలోంచి ఏది తీసినా, మిగిలినదాన్ని చదును చేసి, పైన అరచెయ్యి అదిమి మూత పెట్టడం ఆవిడ అలవాటు. ఎవరైనా పిడికెడు తీస్తే ముద్ర చెదిరిపోతుంది. దొంగ దొరికిపోతుంది.

పోయినేడు దొరికిన దొంగ ఈ పిల్లే. గుప్పెడు పంచదార తిన్నందుకు నాన్నమ్మ దాన్ని ఆ గదిలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టింది. తల్లి బజారు నుంచి వచ్చేసరికి గంటన్నర. అప్పటినుంచి పిల్ల ఆకలేసినా అడగదు. పెట్టింది తిని లేస్తుంది.

అత్తగారు పోయి మూడు నెలలు.

"ఇవాళే సర్దాలా?" అన్నాడు భర్త కళ్ళు తెరవకుండానే. "పోయినావిడ మీద ఇంకా కోపమేమిటే?"

"మీ అమ్మ పోయింది. నా కోపం పోలేదు. అందులో మీకూ కాస్త వడ్డించమంటారా, పడుకుంటారా?"

ఆయన పడుకున్నాడు.

ఆమె ఏడు గాజు సీసాలు కొనిపెట్టుకుంది. సన్నమూతివి, రెండువేళ్ళు కూడా దూరవు. పిల్ల తనంతట తనే వంచి పోసుకోవాలని కొన్నవి. డబ్బా డబ్బాకీ మూత తీసింది. ప్రతిదాంట్లో అత్తగారి అరచెయ్యి. గరిటె పెట్టి ఒక్కొక్కటీ కసిదీరా కలిపేసి, సీసాల్లో నింపి, కింది అరలో పిల్లకి అందేట్టు పేర్చింది. పై అర తుడవడానికి అటు తిరిగింది.

వెనక చప్పుడు. మెత్తగా... పిండిని తట్టినట్టు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. మొదటి సీసా మూత తీసింది. లోపల పిండి చదునుగా ఉంది. దానిమీద నిండు అరచెయ్యి. రెండోదాంట్లోనూ అంతే. ఏడింటిలోనూ...

ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"చచ్చినా కాపలాయేనా అత్తయ్యా?" అంది పళ్ళ బిగువున. పంచదార సీసా చేత్తో పట్టుకుని పిలిచింది. "అమ్మలూ, ఇలా రా."

పిల్ల గడప దగ్గర ఆగిపోయింది. "వద్దమ్మా... లోపల నాన్నమ్మ ఉంది."

"ఉండనీ. చూస్తూ ఉండనీ."

చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. బయట గొళ్ళెం పడింది. దీపం పోయింది.

చీకటి. పిల్ల గోళ్ళు ఆమె మణికట్టులో దిగాయి. ఎక్కడో దగ్గరలోనే... ఇంకెవరిదో ఊపిరి.

"ఎవరు తీశారు?" గుసగుసగా.

"నేనే," అంది కోడలు. "నా బిడ్డకి నేనే పెడుతున్నా. ఏం చేస్తారో చెయ్యండి."

తడుముకుంటూ పిల్ల దోసిట్లో పంచదార పోసింది. "తినమ్మా." తరవాత చిన్నగా కరకర... ఆ తరవాత సన్నని గొంతు.

"ఇంకొంచెం."

ఏడాదికి విన్న మాట అది. ఏడుపు దిగమింగుకుని సీసా వంచబోయింది. మూతి కింద చెయ్యి తగిలింది. పిల్లది కాదు. పెద్దది. చల్లగా, పొడిగా, పిండి అంటుకున్న అరచెయ్యి. చాచి ఉంది. వణుకుతోంది.

కోడలు పొయ్యలేదు.

"మీకు లేదు," అంది.

గొళ్ళెం తీసిన చప్పుడు. గుమ్మంలో భర్త. "బయట గొళ్ళెం ఎవరు పెట్టారే?"

మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిచి ఆ తలుపు ఊడదీయించారు. పనికొస్తుందేమోనని అతను లోపలివైపు పాత రంగు గీకాడు. గీకుతూ ఆగాడు.

"అమ్మా, చెక్క మీద గోళ్ళతో గీరారు. నాలుగు గీతలు. పిల్లలకి అందే ఎత్తు కాదిది."

భర్త ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. "ఈ రంగు అమ్మ కాపురానికొచ్చిన ఏడు వేయించారట," అన్నాడు మెల్లగా. "కొత్తకోడలొచ్చిందని కాదు. తలుపు పాడైందని. అమ్మకి అత్తగారు, మా బామ్మ, చెప్పేది, నవ్వుతూ."

కోడలు కోపం తెచ్చుకుందామని చూసింది. ఎవరిమీదో తేలలేదు.

తగలబెట్టేద్దామన్నాడు భర్త. ఆమె ఒప్పుకోలేదు. గీతలున్న వైపు ఎండ తగిలేట్టు తలుపుని పెరటి గోడకి ఆనించమంది. అందరూ లోపలికెళ్ళి టీ తాగారు. పిల్ల రెండోసారి అడిగి పెట్టించుకుని తింది.

వడ్రంగి తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"నేను లెక్కపెట్టినప్పుడు నాలుగేనమ్మా," అన్నాడు.

అదే ఎత్తులో అయిదో గీత, అప్పుడే గీరినట్టు తెల్లగా ఉంది. దాని కింద నేలమీద సన్నని చెక్కపొట్టు, ఇంకా రాలుతూ ఉంది.