మూడో బ్యారన్ నిప్పు

1969 ఫిబ్రవరిలో డాక్టర్ శ్రీమన్నారాయణను మంగళగిరిలో పట్టపగలు కాల్చి చంపారు. ఆయన జేబులో ఉండాల్సిన గాజు పలక మాయమైంది.

గుంటూరులో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతా ఆ పలక గురించే. చచ్చిపోయిన మనిషి ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఏజెంట్ గురవయ్యకు ఒళ్లు మండిపోయింది.

"టెల్లూరియం ఫిల్మ్. మన దగ్గర ఇలాంటిది ఇంకోటి లేదు. గీత పడకుండా తీసుకురా."

"అందులో ఉన్న పేర్ల సంగతేమిటండీ?"

"ముందు పలక."

రూపాయి బిళ్లంత పలక అది. లేసర్‌తో కరిగించి చటుక్కున చల్లారిస్తే ఆ చుక్క గాజవుతుంది, నిదానంగా వేడి చేస్తే స్ఫటికమవుతుంది. ఆ రెండు రకాల చుక్కలే రాత. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. పలక మొత్తాన్నీ కాసేపు కాకబెడితే అంతా స్ఫటికమై ఒక్క అక్షరం మిగలదని డాక్టర్ గారే ఒకసారి నవ్వుతూ చెప్పారు. ఇప్పుడు దాని మీద సరిహద్దు అవతల ఉన్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లున్నాయి. వాళ్లను దగ్గరుండి సరిహద్దు దాటించింది గురవయ్యే.

అద్దంకి బస్టాండులో మల్లేశ్వరి ఎదురైంది. జరీ అంచు చీర, నల్ల కళ్లద్దాలు. విదేశీ పొగాకు కంపెనీలో దుబాసీ. మన మనిషేనని ఫైల్లో రాసి ఉంది.

"ఆకు రంగు తిరిగిందా?" అన్నాడు గురవయ్య.

"ఈనె ఇంకా పచ్చిగానే ఉంది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "పొగాకు కాల్చే మూడో బ్యారన్లో, వేడి తక్కువ తగిలే చివరి పొగ గొట్టానికి కట్టి ఉంది. నిప్పు పెట్టాక ఆకు ఆరేదాకా తలుపు ఎవరూ తియ్యరుగా, అందుకే అక్కడ పెట్టారు. ఐదింటికి దాన్ని పట్టుకెళ్లడానికి కారొస్తుంది. మీరు నాలుగింటికే తలుపు దగ్గరికి రండి."

కబురు పెట్టినా ఒంగోలు పోలీసులు ఐదున్నరలోపు రాలేరు. గురవయ్య ముఖానికి బొగ్గు పులుముకుని, మూడింటికే బొగ్గు లారీ మీద దిగాడు. తలుపు పక్కన పొగాకు కర్రల చాటున ఇద్దరు తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. తనను తలుపు దగ్గరికి రప్పించి కాల్పించడానికే ఆమె పలక ఉన్న చోటు చెప్పిందన్నమాట. పళ్లు పటపట కొరికాడు.

వెనక పొయ్యి దగ్గర మాత్రం కాపలా లేదు. బొగ్గు వేసేవాణ్ని ఎవడు లెక్కచేస్తాడు? అక్కడ బ్యారన్ కాల్చే బుల్లయ్య ఒక్కడే బీడీ తాగుతున్నాడు.

"బుల్లయ్యా, నిప్పు పెంచు."

"ఇప్పుడా? ఈనె ఆరే వేడి రాత్రికి గదయ్యా పెట్టేది. ఆకు మాడిపోద్ది. రైతు నన్ను బతకనిస్తాడా?"

"పదకొండు మంది ప్రాణాలు లోపలున్నాయి. రైతుతో నేను చెబుతా."

బుల్లయ్య బీడీ పారేసి రెండో పార అతని చేతికిచ్చాడు. "అయితే నువ్వూ పట్టు."

గురవయ్య చీఫ్‌నూ, మల్లేశ్వరినీ, ఆమెను నమ్మిన తననూ తిట్టుకుంటూ బొగ్గు ఎత్తి పోశాడు. చాలాసేపటికి బుల్లయ్య చివరి గొట్టం బయటికొచ్చే చోట ఉమ్మాడు. చుర్రుమంది. మరో గంట ఆ వేడిని అలాగే ఉంచారు.

ఐదింటికి కారొచ్చింది. మల్లేశ్వరి తలుపు తీయించి, పలక ఉన్న డబ్బాను చీర చెంగుతో పట్టుకొచ్చింది. కారులో వచ్చిన విదేశీయుడు సూట్‌కేసులోని, రాత చదివే రీడర్ కింద పలక పెట్టాడు. ముల్లు కదల్లేదు. మళ్లీ పెట్టాడు. అతని పిస్టల్ ఆమె వైపు తిరిగింది.

"అసలుది ఎక్కడ దాచావ్?"

"నేను ముట్టుకోలేదు."

కాపలావాళ్లూ వచ్చి చెరో పక్షం చేరారు. పోలీసు జీపులు వచ్చి చుట్టుముట్టేదాకా ఆ తగువు తెగలేదు.

"తలుపు దగ్గరికి రాలేదేం?" అంది మల్లేశ్వరి, బేడీలతో.

"పొయ్యి దగ్గర పని పడింది."

స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే చీఫ్ అడిగిన మొదటి మాట, "పలక?"

"గీత పడలేదండి. రాత మాత్రం చెరిగిపోయింది. మళ్లీ రాసుకోవచ్చు. డాక్టర్ గారిని మాత్రం మళ్లీ తేలేం."

గురవయ్య ఫోన్ పెట్టేసి, మాడిన ఆకు సంగతి చెప్పడానికి బుల్లయ్యను వెంటబెట్టుకుని రైతు ఇంటికి బయల్దేరాడు. పదకొండు మందిని సరిహద్దు దాటించినప్పుడు కూడా అతనికి అంత భయం వేయలేదు.