ఏ కుక్కని కాల్చాలి?

ఢాం!

తూటా గోడకు తగులుతుంది. సున్నం పెచ్చు ఊడి ఆమె నెత్తిన పడుతుంది.

"కాల్చొద్దు!" ఆమె గొంతు చించుకుంటుంది. "చెవుల్లో సీసం పోసుకున్నావా? కాల్చొద్దన్నానా!"

"పక్కకి తప్పుకోండమ్మా! మీకు తగుల్తుంది!" వెనక నుంచి షూటర్.

తప్పుకోదు. ఇంకా వేగంగా పరిగెడుతుంది.

మూతపడిన అట్టపెట్టెల ఫ్యాక్టరీ. పొద్దు గూకి ఎంతోసేపు కాలేదు. పగిలిన కిటికీల్లోంచి కాస్తంత వెలుగు. తడిసి కుళ్ళిన అట్టల మీద కాళ్ళు జారుతున్నాయి.

ముందు ఒక బూడిదరంగు నీడ. పొట్టిగా, బండగా. కుంటుతోంది.

పిట్‌బుల్!

నిన్నటినుంచి ఊళ్ళో ఏ ఫోన్ చూసినా దాని మొహమే. "యజమానురాలి పీక కొరికిన రాక్షసి!" కనపడితే కాల్చెయ్యమని మున్సిపాలిటీ ఆర్డర్.

ఆ యజమానురాలు ఆమె సొంత అక్క.

అక్కను చంపిన కుక్క కోసం చెల్లెలు తూటాకి అడ్డం పడుతుందా? పిచ్చా?

పిచ్చి కాదు. ఆ కుక్క నోట్లో ఏం లేదో ఆమెకు తెలుసు!

ఆమె పనిచేసేది కుక్కల క్లినిక్‌లో. కుక్కల పళ్ళకు గార తీయడం, పుచ్చిన పన్ను పీకేటప్పుడు తల కదలకుండా పట్టుకోవడం ఆమె పని. ఐదేళ్ళ కిందట ఎవరో కుక్కపందేలవాళ్ళు పారేసిపోతే ఈ పిట్‌బుల్‌కి కుట్లు వేసింది ఆ క్లినిక్‌లోనే. మిగతా కుక్కలకు కరవడం నేర్పడానికి దీన్ని ఎరగా కట్టేసేవాళ్ళు. తిరగబడకుండా ముందే కోరలు పీకేశారు. పట్టకారుతో.

నాలుగూ!

అక్క దాన్ని ఇంటికి తీసుకెళ్ళి 'బండోడు' అని పేరు పెట్టింది. మిగతా పళ్ళూ పుచ్చి క్లినిక్‌లోనే తీసేశారు కాబట్టి అన్నం మెత్తగా పిసికి పెట్టేది.

నిన్న మార్చురీలో ఆమె దుప్పటి తీసి చూసింది. అక్క మెడ మీద నాలుగు గాట్లు. వేలు దిగేంత లోతు.

కోరల్లేని నోరు అలాంటి గాట్లు ఎలా పెడుతుంది?

బావ! ఇంకెవరు? ఏ స్క్రూడ్రైవర్‌తోనో పొడిచి, గేటు తీసి కుక్కను వదిలేశాడు. అక్క పెట్టె సర్దుకుని ఉంది. తెల్లారితే మొగుణ్ణి వదిలేసి చెల్లెలి గదికి వచ్చెయ్యాలి. తెల్లారలేదు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన నవ్వినంత పని చేశాడు. "పళ్ళు లేని పిట్‌బులా? పట్టుకుని నోరు చూపించమ్మా, అప్పుడు మాట్లాడదాం."

చూపించాలంటే నోరు మిగలాలి కదా. షూటర్ గురిపెట్టేది తలకే!

గంట కిందట, కుక్క ఈ ఫ్యాక్టరీ వైపు వచ్చిందని కబురు అందగానే బావ కారు తీశాడు.

"నువ్వూ రామ్మా. నువ్వు పిలిస్తేనే వస్తుంది."

ఎరగా రమ్మంటున్నాడని తెలుసు. వెళ్ళకపోతే బండోడు చస్తాడు. ముందు సీట్లో షూటర్ ఉన్నాడు, గవర్నమెంటు మనిషి, అదొక్కటే ధైర్యం. ఎక్కింది.

వెనక సీట్లో బంగారం.

బావ ముద్దుగా పెంచుకున్న లాబ్రడార్. తేనెరంగు. చంటిపిల్లలు చెవులు పట్టి లాగినా కిక్కురుమనదు. ఎక్కీ ఎక్కగానే ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. దాని మెడలో మొహం దాచుకుని ఏడ్చింది ఆమె. దుఃఖమంతా ఆ బొచ్చులోనే దించుకుంది. బొచ్చు నిండా మందు షాంపూ వాసన.

ఇంత గొడవలోనూ కుక్కకి స్నానం చేయించాడా మహానుభావుడు!

"ఆ జాతే అంత," అన్నాడు షూటర్, తుపాకీ తుడుచుకుంటూ. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు."

"జాతిలో ఏముంది?" ఆమె విసురుగా అంది. "పెంచిన చెయ్యి ఎలాంటిదైతే కుక్కా అలాంటిదే."

"అయితే మీ అక్కగారు చెడ్డగా పెంచారంటారా?"

ఆమె బంగారం చెవి నిమురుతూ కిటికీ వైపు తిరిగింది.

"పోనీలెండి," అన్నాడు బావ అద్దంలోంచి చూస్తూ. "అక్కాచెల్లెళ్ళిద్దరికీ కుక్కల పిచ్చి. మా ఆవిడకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నదా? పాముకి పాలు పోసింది."

అంటూనే ఉంగరంతో స్టీరింగ్ మీద కొట్టాడు. టక్.

ఒళ్ళోని తల చటుక్కున లేచింది. బంగారం ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. తోక ఆగింది.

బావ చెయ్యి గాల్లోనే ఆపుకున్నాడు. బంగారం మళ్ళీ తల వాల్చింది.

భలే ట్రైనింగ్, అనుకుంది ఆమె. అంతే అనుకుంది.

"బండోడా!"

ఫ్యాక్టరీ మూల తుప్పుపట్టిన మిషన్ కింద రెండు కళ్ళు మెరుస్తాయి.

"నేనురా... రా నాన్నా."

పాక్కుంటూ వస్తాడు. భయంతో ఉచ్చ పోసుకుంటూ వస్తాడు. మూతి నిండా ఎండిన రక్తం. అక్కది. చచ్చిపోయిన మనిషిని లేపాలని నాకి ఉంటాడు వెర్రివాడు.

ఏడవడానికి టైమ్ లేదు!

ఫోన్ టార్చ్ వేస్తుంది. పెదవి ఎత్తుతుంది. గులాబీరంగు చిగుళ్ళు. కోరలుండాల్సిన చోట నాలుగు సొట్టలు. ఫోటో తీస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కి పంపుతుంది.

వెళ్ళింది!

"కదలకండి!" షూటర్ వచ్చేస్తాడు. తుపాకీ ఎత్తుతాడు.

ఆమె బండోడి మీద పడిపోతుంది. "కాలిస్తే ఇద్దర్నీ కలిపి కాల్చు!"

"అదేం మాటమ్మా!"

"ఒక్కసారి దీని నోరు చూడు. చాలు. ఒక్కసారి!"

"పిట్‌బుల్ నోట్లో తల పెట్టి చూడాలా? నాకూ పెళ్ళాం పిల్లలున్నారమ్మా!"

"పళ్ళు లేవు దీనికి!"

"ఆఁ... పులి గడ్డి తింటుంది, నేను నమ్మేస్తాను." అయినా తుపాకీ దించుతాడు. తాడు ఆమె వైపు విసురుతాడు. "కట్టెయ్యండి. మా వ్యాన్ వెనకాలే వచ్చి గేటు దగ్గరుంది, అందులో బోను తెస్తా. ఈలోగా అది పిసరంత ఎగిరినా కాల్చేస్తా. తర్వాత నన్నని లాభం లేదు."

బూట్ల చప్పుడు దూరమవుతుంది.

ఆమె బండోడి మెడకు తాడు వేసి మిషన్‌కి కడుతుంది. గెలిచింది! అక్క పోయింది, కానీ గెలిచింది!

"పళ్ళు లేవా?"

ఉలిక్కిపడుతుంది.

ఇనప స్తంభం పక్కన బావ. చేతిలో గొలుసు. గొలుసు చివర బంగారం. ఎప్పటినుంచి నిలబడ్డాడో.

"లేవు. ఇంటికొచ్చిన రోజు నుంచీ లేవు."

"మీ అక్క చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు?"

బావను 'నువ్వు' అనడం ఇదే మొదటిసారి. ఐదేళ్ళు ఆ కుక్కతో ఒకే ఇంట్లో ఉన్నాడు. పిట్‌బుల్ అని హడలిపోయి ఏనాడూ దగ్గరికి పోలేదు. అన్నం గిన్నె కర్రతో తోసేవాడు. ఇక పళ్ళెక్కడ చూస్తాడు?

బావ మొహంలో కోపం లేదు. ఏమీ లేదు.

"సరే," అంటాడు. గొలుసు వదిలేస్తాడు.

బంగారం తోకాడిస్తూ వస్తుంది. ఆమె చెంప నాకుతుంది. బండోడు వెనక్కి వెనక్కి పోతాడు. తాడు బిగుస్తుంది. గజగజ వణికిపోతున్నాడు.

వీడికేమైంది? తుపాకీకి కూడా ఇంత భయపడలేదే!

ఫోన్ మోగుతుంది. ఇన్‌స్పెక్టర్!

"ఫోటో చూశానమ్మా. నువ్వన్నది నిజం. ఆ పిట్‌బుల్ కాదు."

"చెప్పాను కదండీ! మా బావే..."

"ఆగమ్మా. పోస్ట్‌మార్టం డాక్టర్ నా పక్కనే ఉన్నాడు. అవి స్క్రూడ్రైవర్ పోట్లు కావట. కుక్క కోరలే, అనుమానం లేదంటున్నాడు."

"కుక్కా?"

"ఆ ఇంట్లో ఇంకో కుక్క ఉందా?"

చెంప మీద తడి నాలుక.

మందు షాంపూ వాసన.

స్నానం చేయించింది దుమ్ము పోవడానికి కాదు!

జాతిలో ఏముందని ఊరందరితో పోట్లాడింది. అదే నోటితో, లాబ్రడార్ కదా అని ఈ కుక్కని అనుమానించనైనా లేదు!

బావ ఉంగరం స్తంభానికి తగులుతుంది.

టక్. టక్.

ఒక్క గుర్రు కూడా లేదు. మొరుగు లేదు. నాకుతున్న నోరే తెరుచుకుంటుంది!

ఆమె వెల్లకిలా పడుతుంది. ఫోన్ ఎగిరిపోతుంది. మెడలో నాలుగు మంటలు. కేక సగంలో తెగుతుంది.

ఊపిరి... ఊపిరి రాదు...

తాడు పుటుక్కున తెగిన చప్పుడు!

బండోడు!

ఇప్పటిదాకా వణికినవాడు ఎగిరి బంగారం మెడ మీద పడతాడు. పళ్ళు లేని నోటితో పట్టుకుంటాడు. చిగుళ్ళతో. లాగుతాడు. గింజుకుంటూ లాగుతాడు. చిగుళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నా వదలడు.

కోరలు కాస్త సడలుతాయి. గుక్కెడు గాలి!

"కాల్చు!" బావ గావుకేకలు పెడతాడు. "పిట్‌బుల్ ఎగబడింది! మా మరదల్ని చంపేస్తోంది! కాల్చవయ్యా!"

బూట్లు. బోను దభాలున కింద పడుతుంది. షూటర్!

ఆ గుడ్డివెలుగులో అతనికి ఏం కనపడుతుందో ఆమెకు తెలుస్తూనే ఉంది. నెత్తురోడుతున్న ఆడమనిషి. ఆమెకు అడ్డంపడ్డ బంగారంలాంటి కుక్క. దాని మెడ కూడా కొరుకుతున్న రాక్షసి.

అది కాదు! రెండోది! రెండోది!

గొంతులోంచి మాట రాదు, నెత్తుటి బుడగలొస్తాయి. చెయ్యెత్తి తేనెరంగు బొచ్చు పట్టుకుని చూపిస్తుంది.

"భయపడకండమ్మా!" షూటర్ అరుస్తాడు. "చూశాను! మీ కుక్కకి తగలనివ్వను!"

ఢాం!

ఈసారి గురి తప్పలేదు.

బూడిదరంగు తల ఆమె గుండెల మీద వాలుతుంది. నోరు తెరిచే ఉంది. లోపల చిగుళ్ళు. ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు.

ఎవరూ చూడరు.

"అంబులెన్స్ పిలుస్తా! గుడ్డ పెట్టి నొక్కి పట్టుకోండి సార్!" షూటర్ గేటు వైపు పరిగెడతాడు.

"అలాగే," అంటాడు బావ.

ఎక్కడో అట్టల మధ్య ఫోన్ అరుస్తోంది. "అమ్మా? ఇంకో కుక్క ఉందా? పలకమ్మా!"

బావ వంగి దాన్ని ఆపేస్తాడు.

బంగారం ఒళ్ళు విదిలించుకుని, బుద్ధిగా కూర్చుని, యజమాని వైపు చూస్తుంది. తోక మెల్లగా ఊగుతోంది.

బావ చెయ్యి స్తంభం మీదికి వెళ్తుంది.

టక్.

తోక ఆగింది.

టక్.