నప్పి ఆగింది

ఫ్రిజ్ గుర్రుమనగానే నప్పి ఎగిరిపడి బల్ల కిందికి దూరింది.

“అది ఫ్రిజ్‌రా పిచ్చోడా! నిన్నేం కరవదు,” అంటూ హిల్లా కూడా బల్ల కిందికి పాకి, దాని మెడ నిమిరింది.

నప్పికి తొమ్మిదేళ్లు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అది మంచుబండే లాగింది. కుక్కల గుంపుకి ముందుండి, టూరిస్టులను అడవుల్లో తిప్పింది. వేసవి వస్తే గొలుసుకు కట్టి ఉండేది. ఇల్లంటే ఏమిటో దానికి తెలియదు. యజమాని జబ్బుపడి కుక్కల శాల మూతపడినప్పుడు, హిల్లా వాళ్లమ్మ రాకెల్ వెళ్లి నప్పినీ, దాని తోటి కుక్కలనూ తెచ్చింది. అలాంటి కుక్కలకు ఇంట్లో మసలడం నేర్పి, మంచి మనుషుల చేతిలో పెట్టడమే ఆమె పని.

ఈసారి నప్పి బాధ్యత హిల్లాకు ఇచ్చింది. అంతే, హిల్లా కాళ్లు నేల మీద ఆనలేదు.

నెల తిరిగేసరికి నప్పి మెట్లెక్కడం నేర్చుకుంది. టీవీలో కుక్క మొరిగితే జవాబు చెప్పడం మానేసింది. నడక మాత్రం రాలేదు. తాడు పట్టుకుని బయటికి తీసుకెళ్తే చాలు, ఛాతీ ముందుకు తోసి లాగేది.

“భుజం అరిగిపోయింది. వాడి చేత ఇంకేదీ లాగించకూడదు,” అంది అమ్మ. “తనంతట తను ఆగడం నేర్చుకోవాలి. వాడికి అన్నిటికన్నా కష్టం అదే.”

మర్నాడు స్కూల్లో హిల్లా గొప్పలు పోయింది. “మా నప్పి అంటే ఏమనుకున్నారు? గుంపుకే లీడర్!”

“ముసలాడు కదా! ఇప్పుడు నడవడానికి చేతికర్ర కావాలేమో,” అన్నాడు ఆర్తు. క్లాసంతా గొల్లుమంది.

హిల్లాకు ఒళ్లు మండింది. “సాయంత్రం నీ మంచుబండి తీసుకుని నది దగ్గరికి రా. చూపిస్తా!”

నది గడ్డకట్టి రోడ్డులా ఉంది. లాగుడు పట్టీలు చూడగానే నప్పి చెవులు రిక్కించింది. ఒళ్లంతా సంతోషంతో వణికింది. ‘చూశావా, వాడికీ ఇష్టమే,’ అని హిల్లా తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆర్తు బండిలో కూర్చున్నాడు. హిల్లా వెనక నిలబడింది.

“పద!”

బండి బాణంలా దూసుకుపోయింది. ఆర్తు కేక పెట్టాడు. హిల్లా గుండె గర్వంతో ఉబ్బిపోయింది. నది మలుపు దగ్గర నప్పి ముందుకాలు ఒకసారి తడబడింది. మళ్లీ తడబడింది. అయినా అది పరుగు ఆపలేదు.

“ఆగు నప్పీ! ఆగు!” హిల్లా కాలు మంచులోకి గుచ్చి బండి ఆపింది.

నప్పి మూడు కాళ్ల మీద నిలబడింది. అప్పుడు కూడా తాడు బిగిసే ఉంది. వెనక్కి తిరిగి హిల్లా ముఖంలోకి చూసింది. ‘పద’ అంటే మళ్లీ పరుగెత్తడానికి సిద్ధంగా ఉంది.

ఆర్తు ముఖం పాలిపోయింది. ఇద్దరూ దాన్ని బండిలో పడుకోబెట్టి, ఇంటికి తోసుకొచ్చారు.

అమ్మ నప్పి భుజమంతా వేళ్లతో తడిమి చూసింది. “ఎముక బాగానే ఉంది. కండరం పట్టేసింది.”

“నొప్పి పుడితే ఆగుతాడనుకున్నానమ్మా...” అంది హిల్లా.

“ఆగడు తల్లీ. నువ్వు పదమన్నావు కదా,” అంది అమ్మ. ఆ మాట హిల్లాకు గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి హిల్లా దాని భుజానికి వేడి కాపడం పెట్టింది. కుంటడం తగ్గాక నడక మొదలుపెట్టింది. నప్పి లాగి తాడు బిగుసుకుంటే తను ఆగిపోయేది. వదులైతేనే అడుగు వేసేది. చలికి ముక్కు కొస మొద్దుబారేది. గేటు నుంచి రోడ్డు దాకా వెళ్లడానికే సాయంత్రం అయిపోయేది.

“ఏమే హిల్లా, నడుస్తున్నావా, స్తంభంలా పాతుకుపోయావా?” అని పక్కింటి తాత నవ్వేవాడు.

వసంతం మొదలయ్యాక నప్పిని పెంచుకుందామని, చూడడానికి సిల్వి వచ్చింది. ఆమె స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. ఊరి అవతలి చివర ఒక్కతే ఉంటుంది.

ఆమె కోటు విప్పకముందే హిల్లా నిజం చెప్పేసింది. “సిల్వీ మామ్మా, నప్పి భుజం నా వల్లే దెబ్బతింది. గొప్ప కోసం బండి లాగించాను. ఇప్పుడు తగ్గింది. కానీ వాడికి ఆగడం ఇంకా రాదు.”

సిల్వి విప్పబోయిన కోటు గుండీలు మళ్లీ పెట్టుకుంది. “అయితే మా ఇంటిదాకా నడుద్దాం పద. వాడితో నడవడం నాకు నువ్వే నేర్పాలి.”

దారిలో మైదానం దగ్గర పిల్లలు మూగారు. “హిల్లా! ఒక్క రౌండ్! లీడర్ స్పీడ్ చూపించు!”

నప్పి చెవులు లేచాయి. తాడు బిగిసింది. హిల్లా ఉన్నచోటే నిలబడిపోయింది.

“వాడు లాగడు. రిటైరయ్యాడు,” అంది.

“అవును, వాడు రిటైర్! తప్పుకోండి, దారివ్వండి!” అంటూ ఆర్తు అందరినీ పక్కకి నెట్టాడు.

తాడు మెల్లగా వదులైంది. వాళ్లు ముందుకు కదిలారు.

చర్చి దాటాక ఎత్తు వచ్చింది. సగం ఎక్కి నప్పి నిలబడిపోయింది. గాలి వాసన చూసింది. తర్వాత తీరిగ్గా నడిరోడ్డు మీద పడుకుంది.

“అయ్యో, నొప్పేమో!” సిల్వి కంగారుపడింది.

హిల్లా మోకాళ్ల మీద కూర్చుని దాని భుజం తడిమింది. నప్పి ఆమె చేతిని నాకి, ఆవలించింది.

“కాదు మామ్మా! ఆగాడు! ఎవరూ చెప్పకుండా, తనంతట తనే ఆగాడు!”

అంతలో వెనక నుంచి ఒక వ్యాను వచ్చి హారన్ కొట్టింది. హిల్లా ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తింది.

“కాస్త ఆగండి!” అని గట్టిగా, ఊరంతా వినబడేలా అరిచింది. “మా నప్పి విశ్రాంతి తీసుకుంటున్నాడు!”