రెండు గుంతల రాయి

నాకు చదువు చెప్పిన గురువంటూ ఎవరూ లేరు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, గురువుల మీద గౌరవం. నాలాంటి శిష్యుణ్ని ఏ ఒక్కరి నెత్తినా రుద్దలేదు. ఎడారి అంచున ఉన్న మా మారిబ్ ఊరి బయట, అవామ్ గుడి వాకిట్లో సాంబ్రాణి అమ్ముకుంటూ, బేరాల్లేనప్పుడల్లా రాళ్ళ మీద రాతలు చూసి చూసి చదవడం పట్టేశాను. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళకి అడక్కపోయినా చదివి వినిపిస్తాను. కొందరు దణ్ణం పెట్టి వెళ్తారు. కొందరు నన్ను చూడగానే ఇంకో దారిన వెళ్తారు.

ఒక్క రాయి మాత్రం నేనెవరికీ చదివి వినిపించను. పొద్దు వాలాక అటువైపు అడుగే వెయ్యను.

రెండు గుంతల రాయి.

గుడి ఆవరణ నిండా కంచు బొమ్మలే. యుద్ధానికి పోయేవాడు అల్మఖా స్వామికి మొక్కుకుంటాడు — ప్రాణాలతో తీసుకొస్తే విగ్రహం నిలబెడతానని. తిరిగొచ్చి నిలబెడతాడు. కింద రాతి దిమ్మె. దిమ్మె మీద పాదాలు దిగడానికి రెండు గుంతలు, వాటిలో సీసం పోసి బొమ్మని బిగిస్తారు. దిమ్మె ముందువైపు రాత. పడమటి గోడ మూలనున్న దిమ్మెకి మాత్రం రాత ఉంది, గుంతలున్నాయి... బొమ్మ లేదు.

బొమ్మ లేదు గానీ, చీకటి పడ్డాక అక్కడ ఎవరో నిలబడతారని చెప్పుకుంటారు. కనిపించరు. వినిపిస్తారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటున్న చప్పుడు. కాస్సేపు ఆగి... మళ్ళీ. రాత్రి పహరావాళ్ళు ఆ మూలకి వచ్చేసరికి చిటికెడు సాంబ్రాణి విసిరేసి, వెనక్కి చూడకుండా పోతారు. వాళ్ళ భయం వల్ల నా బేరం పెరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అమ్ముకోవడానికి మాత్రం సిగ్గు లేదు.

ఈ కథ నాకు చెప్పింది షఫ్నత్. ఆ రాయి చెక్కిన అబమర్ పెళ్ళాం. మా పక్కిల్లే.

అబమర్ అక్షరాలు చెక్కితే అన్నీ ఒకే ఎత్తు, ఒకే మందం. మా రాతలో మాటకీ మాటకీ మధ్య నిలువు గీత గీస్తాం, ఆ గీత కూడా నిటారుగా, కావలివాడిలా నిలబడేది. తన పనిని తనే రెండడుగులు వెనక్కెళ్ళి చూసుకుని, "ఎవడు చెక్కాడోగానీ..." అని ముసిముసిగా నవ్వుకునేవాడు.

అతనికి ఒక్కటే వెలితి. ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ చెక్కాడు. తన పేరు మాత్రం ఏ రాతి మీదా లేదు. ఉండాలంటే దారి ఒక్కటే. కొడుకు యుద్ధానికి వెళ్ళాలి, తిరిగొచ్చి మొక్కు తీర్చుకోవాలి. అప్పుడు "అబమర్ కొడుకు మర్థద్" అని చెక్కొచ్చు.

గుడి పనివాళ్ళ పిల్లల్ని ఎవరూ యుద్ధానికి రమ్మనరు. మర్థద్‌కి వెళ్ళాలనీ లేదు. కంచు పోసే కొలిమి దగ్గర పని వాడిది. పొద్దస్తమానం వేడి దగ్గర నిలబడి నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉండటం అలవాటైపోయింది.

"బొమ్మలు పోస్తున్నాను, చాలు నాన్నా," అన్నాడు వాడు. "బొమ్మనై నిలబడాలని నాకు లేదు."

"ఒక్కసారి వెళ్ళిరారా. సముద్రం అవతలి హబషీవాళ్ళు మన ఒడ్డున దిగారట. మన డప్పులు వింటేనే పడవలెక్కి పారిపోతారు."

"పారిపోయేవాళ్ళ మీదకి ఇంతమంది ఎందుకట?"

"నీకన్నీ ఎదురు ప్రశ్నలే! మీ అమ్మ పోలిక."

చివరికి వాడు వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. తండ్రి మొహం చూసి ఒప్పుకున్నాడంటుంది షఫ్నత్.

ఇక్కడ అబమర్ పనితనం గురించి ఒక సంగతి చెప్పాలి. యుద్ధం అయ్యాక మొక్కులవాళ్ళంతా ఒక్కసారే మీద పడతారు. అందుకని సేన బయల్దేరక ముందే అతను దిమ్మెలు చెక్కి వరసగా పెట్టుకునేవాడు. అన్నిటి మీదా ఒకే రాత: 'ఫలానావాడు అవామ్ ప్రభువైన అల్మఖాకి ఈ కంచు విగ్రహం సమర్పించుకున్నాడు, యుద్ధం నుంచి తనను క్షేమంగా, శత్రువుల్ని చంపి, బందీలతో, దోపిడీ సొమ్ముతో తిరిగి రప్పించినందుకు.' చివర్లో, దీన్ని చెరిపినవాడికి శాపం. పేరు చోటు మాత్రం ఖాళీ. వచ్చినవాడు వచ్చి పేరు చెప్తే చెక్కడమే. రానివాడు ఎలాగూ అడగడు.

కొడుకు దిమ్మెలో మాత్రం ఖాళీ ఉంచలేదు. పేరు కూడా చెక్కేశాడు. తన పేరుతో సహా. ఆ ఆత్రంలో కొలత తప్పి, చివరి వరసలో ఒక మాట పట్టేంత చోటు మిగిలిపోయింది. అతని పనిలో జరిగిన తప్పు అదొక్కటే.

షఫ్నత్ రొట్టెల పిండి చేతులతోనే వచ్చి చూసింది. ఆమెకి చదువు రాదు. చదివించుకుని వింది.

"వాడింకా ఇంట్లోనే ఉన్నాడు. పెరట్లో చెప్పులు కుట్టుకుంటున్నాడు. తిరిగొచ్చాడని రాసేశావేంటయ్యా?"

"స్వామికి చదువు రాదనుకున్నావా? చదువుకుంటాడు. రాసినట్టు చేస్తాడు."

"చెయ్యకపోతే?"

"తన గుళ్ళో, తన పేరు మీద అబద్ధం ఉండనిస్తాడా?"

సేన కదలకముందే ఆ దిమ్మెని పడమటి గోడ మూలన నిలబెట్టించి, ధూపం వేయించాడు. అందరికీ చూపించాడు. నాకూ చూపించాడు. నేనే పైకి చదివాను, గొంతు సవరించుకుని మరీ.

సేన తిరిగొచ్చింది. డప్పులు, కొమ్ములు, తాళ్ళకి కట్టిన బందీలు, సొమ్ము మోస్తున్న ఒంటెలు. ఊరంతా వాగు దాటి ఎదురెళ్ళింది. షఫ్నత్ కూడా నీళ్ళకుండ, జొన్నరొట్టెలు పట్టుకుని వెళ్ళింది. ప్రతివాడికీ నీళ్ళు పోస్తూ అడిగింది. చివరికి ఒకడు తాగడం ఆపాడు.

"మర్థదా... మా ముందు వరసలో ఉండేవాడమ్మా."

"ఆ వరస ఎక్కడుంది నాయనా?"

వాడు కుండ తిరిగిచ్చేశాడు. "ఆ వరస లేదమ్మా. సముద్రపొడ్డున తడిసిన ఇసకలోనే..."

పూర్తి చెయ్యలేదు. ఆమె పూర్తి చెయ్యమనలేదు.

రాజుగారి విజయశాసనం అబమరే చెక్కాడు. చంపిన హబషీలు ఎందరో ఉంది, పట్టుకున్న ఆడవాళ్ళు, పిల్లలు ఎందరో ఉంది, గొర్రెల దగ్గర్నుంచి లెక్కుంది. మనవాళ్ళు ఎందరు పోయారో లేదు. అబమర్ ఉలి దించి పూజారిని అడిగాడు.

"స్వామికి సంతోషపు సంగతులే విన్నవించాలయ్యా," అన్నాడు పూజారి. తర్వాత కాస్త దగ్గరికి జరిగి, "ఆ మూల నీ కొడుకు దిమ్మె ఖాళీగా ఉంది. విగ్రహం ఎప్పుడు నిలబెడతావు?"

అబమర్‌కి ముందు అర్థం కాలేదు. "నా కొడుకు రాలేదయ్యా."

"వచ్చాడని రాసుందే."

"అది... ముందే చెక్కిపెట్టాను."

"తిరిగి రప్పించాడని స్వామి పేరున రాత ఉంది. అంటే స్వామి తన పని చేశాడు. మొక్కు బాకీ నీదే."

"అయితే ఆ రాత చెరిపేస్తాను."

"చెరిపినవాడికి ఏమవుతుందో కింది వరసలో ఉంది," అన్నాడు పూజారి. "నీ చేత్తో చెక్కిందే కదా... అక్షరాలు చాలా బాగా వచ్చాయి."

అబమర్ విగ్రహం నిలబెట్టలేదు. దిమ్మె అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతే చప్పుడు మొదలైంది.

పహరావాళ్ళలో ఒకడు ఒకరోజు అబమర్ పని చేసేచోటుకి వచ్చి, నవ్వించబోయి చెప్పాడు. "మీ దిమ్మె మీద దెయ్యానికి కాళ్ళు నొప్పులనుకుంటా మామా. ఊరికే బరువు మార్చుకుంటుంది. ఈ కాలు... ఆ కాలు... ఈ కాలు..."

చేసి చూపించాడు కూడా.

అబమర్ చేతిలోంచి సుత్తి జారిపోయింది. ఆ కాళ్ళు అతనికి తెలుసు. కొలిమి దగ్గర అన్నేళ్ళు చూసిన కాళ్ళు.

ఆ రాత్రి చంద్రుడు లేడు. షఫ్నత్ మేడ మీద పడుకుందనుకున్నాడు. ఉలీ సుత్తీ గుడ్డలో చుట్టుకుని, దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టి బయల్దేరాడు. శాపం తగిలితే తగలనీ. ఆ రాత పోవాలి.

కంచు మనుషుల మధ్య నుంచి నడవాలి. అందరూ అతను పేర్లు చెక్కినవాళ్ళే. అందరూ తిరిగొచ్చినవాళ్ళే. దీపం వెలుగు తగిలినప్పుడల్లా ఒక్కో మొహం కళ్ళు తెరిచి... మళ్ళీ మూసుకుంటోంది.

పడమటి గోడ.

చప్పుడు.

ఈ కాలు... ఆ కాలు...

అబమర్ ఆగిపోయాడు. దీపం పైకెత్తాడు —

దిమ్మె మీద మనిషి!

ముసుగు కప్పుకుని, పాదాలు రెండూ గుంతల్లో పెట్టుకుని, నిటారుగా. ముసుగు అతని వైపు తిరిగింది.

"అరవకు," అంది మెల్లగా.

షఫ్నత్.

అబమర్ దీపం కింద పెట్టేసి, గుండె పట్టుకుని నవ్వేశాడు. ఏడుపు లాంటి నవ్వు. "నువ్వటే! ఇన్నాళ్ళూ ఊరిని హడలగొడుతున్నది నువ్వటే!"

"నేను రావడం ఇవాళే మొదలు. ఇప్పుడే ఎక్కాను."

నవ్వు ఆగిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ..."

"కాళ్ళు లాగేస్తున్నాయంటున్నాడు," అంది షఫ్నత్. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెప్పింది. "ఎప్పట్నుంచో నిలబడే ఉన్నాడు కదా. కాస్సేపు కూచోరా, నీ బదులు నేను నిలబడతాను అన్నాను."

"ఎవరు... ఎవరితో అన్నావ్?"

ఆమె గడ్డంతో చూపించింది. అతని వెనక్కి.

అబమర్ తిరగలేదు.

వెనక, నేలకి దగ్గరగా, ఎవరో ఊపిరి వదిలారు. చాలాసేపు నిలబడి నిలబడి, ఇప్పుడే చతికిలబడినవాడి ఊపిరి. దానితోపాటు తడి ఇసక వాసన. ఉప్పు వాసన. మా ఊరికి సముద్రం ఎంతో దూరం. ఆ వాసన ఇక్కడ ఎవరికీ తెలీదు.

"ఇంటికి రారా అన్నాను," అంది షఫ్నత్. "రాలేడట. వాడు పోవాల్సిన చోటుకీ పోలేడట. తిరిగొచ్చి స్వామి ముందు నిలబడ్డాడని రాసుందట. ఆ రాత ఉన్నన్నాళ్ళూ ఇక్కడ నిలబడాల్సిందేనట."

"చెరిపేస్తానే. అందుకే వచ్చాను."

"చెరిపితే శాపం వాడికీ తగులుతుంది, వాడి పేరు కూడా అందులోనే ఉందిగా. చెరపొద్దు. చేర్చు." పాదం గుంతలోంచి తియ్యకుండానే వంగి, చివరి వరస తడిమి, నునుపుగా ఉన్నచోట వేలు పెట్టింది. "ఇక్కడ ఒక్క మాట పడుతుంది. రాలేదు అని చెక్కు. వాడు పోతాడు."

అబమర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉలి పెట్టాడు. సుత్తి దెబ్బ కంచు మనుషుల మధ్య ఖంగుమని తిరిగింది. ముందుగా నిలువు గీత. మాటకీ మాటకీ మధ్య గీత. అది నిటారుగానే వచ్చింది.

తర్వాత ఉలి కదల్లేదు.

"ఊఁ... చెక్కు," అంది షఫ్నత్.

అతను చెయ్యి చూసుకున్నాడు. జీవితమంతా 'వచ్చాడు' అని చెక్కిన చెయ్యి.

వెనక నుంచి, చెవికి బాగా దగ్గరగా —

"చెక్కు, నాన్నా."

అబమర్ ఉలిని రాతికి ఆనించి, నుదురు ఉలికి ఆనించి, అలా ఉండిపోయాడు. "ఎలా చెక్కాలో తెలీదురా... తెలీదురా అయ్యా..." అంటూనే ఉన్నాడు.

తెల్లవారుజామున కావలివాళ్ళు చూసేసరికి మొగుడూ పెళ్ళాం గోడకి ఆనుకుని కూర్చున్నారు. దిమ్మె మీద ఎవరూ లేరు. గుంతలు రెండూ తడిగా ఉన్నాయి.

"తెలీకేం, తెలుసు," అంది షఫ్నత్ నాతో. "ఆ మాట చెక్కితే కొడుకు పోతాడు. వాడితోపాటు రాతి మీద తన పేరుకి అర్థం పోతుంది. ఏది పోతుందని చెయ్యి ఆగిందో నేను అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం."

అబమర్ మళ్ళీ ఉలి పట్టలేదు. దానివల్ల లోకానికి వచ్చిన లోటేమీ లేదు. ఈ ఏడాది మళ్ళీ డప్పులు మోగాయి, ఇంకో చెక్కేవాడు దిమ్మెలు ముందే చెక్కి వరసగా పెట్టుకున్నాడు. పేరు చోటు ఖాళీ. కొన్ని రాత్రులు షఫ్నత్ ఇంట్లో ఉండదు. ఆ రాత్రుళ్ళు పహరావాళ్ళకి చప్పుడు వినపడదట.

నిన్న పగటిపూట, గుళ్ళో జనం ఉండగా, ధైర్యం చేసి ఆ మూలకి వెళ్ళాను. చివరి వరసలో శాపం తర్వాత ఒక నిలువు గీత ఉంది. దాని తర్వాత నున్నటి రాయి. ఉలి ఇచ్చి, అది పూర్తి చేసిపెట్టమని షఫ్నత్ నన్ను అడిగింది. ఊళ్ళో చదువొచ్చినవాణ్నని నేనే చెప్పుకున్నాను కదా.

ఈ గుళ్ళో ఉన్న రాళ్ళన్నీ చదివాను. వచ్చాడు, గెలిచాడు, చంపాడు, తెచ్చాడు, ఇచ్చాడు — ఇవన్నీ నాకు వచ్చు. రాలేదు అన్న మాట ఏ రాతి మీదా కనపడలేదు. అదెలా రాస్తారో నేనింకా నేర్చుకోలేదు.