ఎనిమిది సెకన్లు, ఒక్క గంట

అతను అన్నది "పెళ్లి". ఆమెకు వినపడింది "బల్లి".

తప్పు ఆమె చెవులది కాదు, చక్రాలది. కొండమీది ఊరికి వెళ్ళే ఆ తాడు రైలుకు ఉన్నవి రెండే పెట్టెలు, ఒకే తాడుకు చెరో కొసన. ఒకటి దిగితేనే రెండోది ఎక్కుతుంది. ఒకదానికి అతను గార్డు, రెండోదానికి ఆమె. నడికొండన పట్టాలు రెండుగా చీలే చోట మాత్రం పెట్టెలు పక్కపక్కనే రాసుకుపోతాయి. ఎనిమిదే సెకన్లు. ఏడాదిగా వాళ్ళ ప్రేమ ఈ వాయిదాల మీదే నడుస్తోంది. డ్యూటీ దిగే వేళకి ఆమె కొండెక్కి కూర్చుంటుంది, అతను నేలమీదే మిగులుతాడు. ఫోన్ నంబరు అడిగే ధైర్యమే ఉంటే ఈ కథ ఇంత ఎత్తుకు వెళ్ళేదే కాదు.

రేపటినుంచి అతనికి పట్నం వర్క్‌షాపుకు బదిలీ. అందుకే గుండె చిక్కబట్టుకుని కిటికీలోంచి అరిచాడు.

ఆమె వెంటనే సీట్ల కింద వెతికింది. బల్లి ఉందట అనగానే ప్రయాణికులు సీట్లెక్కారు. ఓ బామ్మగారు పెట్టెలోనే గొడుగు విప్పారు.

తర్వాతి ట్రిప్పులో ఆమే అడిగింది. "ఎక్కడండీ బల్లి?"

"ఏం బల్లి?"

ఎనిమిది సెకన్లు అయిపోయాయి.

ఇక మిగిలింది సాయంత్రం ఆఖరి ట్రిప్పు. అతను టైమింగ్స్ బోర్డు తిరగేసి, చాక్‌పీసుతో రాసి, కిటికీకి ఆనించి పట్టుకున్నాడు: "బల్లి కాదు, పెళ్లి. మనదే. ఇష్టమైతే ఒక్క గంట కొట్టండి."

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఆరు... ఏడు... అతని ప్రాణం జారి కింది స్టేషనుకు ముందే చేరిపోయింది.

టంగ్.

రెండు పెట్టెలూ కీచుమంటూ నిలబడిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేర్పిన పాఠం అది: ఒక గంటైతే ఆపు, రెండైతే కదులు. పైన యంత్రం గదిలో ఉన్నది ఆమె నాన్న. ముప్పై ఏళ్ళలో ఒక్క గంటను కూడా పెడచెవిన పెట్టని మనిషి.

కిటికీకీ కిటికీకీ మధ్య జానెడు దూరం. సన్నగా చినుకులు. జీవితంలో మొదటిసారి వాళ్ళకి తొమ్మిదో సెకను దొరికింది.

"వాన వచ్చేలా ఉంది," అందామె.

"వచ్చేసింది," అన్నాడతను.

ఇంతలో రెండు పెట్టెల స్పీకర్లలోనూ నాన్న గొంతు మోగింది. "ఎందుకాపావమ్మా? తాడుకేమైనా అయిందా?"

ఆమె రిసీవర్ అందుకుంది. తాడు బాగానే ఉందని చెప్పి, బల్లి దగ్గర మొదలుపెట్టి బోర్డు మీదుగా గంట దాకా మొత్తం చెప్పుకొచ్చింది. స్పీకర్లు కదా, రెండు పెట్టెల జనమూ చెవులప్పగించి విన్నారు. తిరుగు ప్రయాణంలోనూ అదే పెట్టెలో గొడుగు విప్పుకునే కూర్చున్న బామ్మగారు, ఇక బల్లి భయం లేదని దాన్ని ముడిచారు.

అతను బోర్డును గుండెకు అదుముకుని నిలబడ్డాడు. చొక్కా మీద పెళ్లి అచ్చుపడింది.

"అబ్బాయీ," అంది స్పీకరు చివరికి. "ఆదివారం మా అమ్మాయి పెట్టెలోనే పైకి రా. టికెట్టు కొనుక్కుని మరీ రా."

"వస్తానండీ."

"సరే. ఒక గంటకి ఆపడం నా డ్యూటీ, ఆపాను. ఇప్పుడు కదలాలంటే రెండు కావాలి. ఒకటి అమ్మాయి కొట్టాలి. రెండోది నువ్వు."

టంగ్.

టంగ్.